కేస్‌షీట్‌లో కారణం: ప్రైమీ

మన ప్రసూతి వార్డుల్లో కేస్‌షీట్లు తిరగేస్తే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సిజేరియన్ చేస్తే ఎందుకు చేశారో రాస్తారు. బిడ్డ తలను పట్టి బయటికి లాగడానికి ఫోర్సెప్స్ పెట్టినా, వాక్యూమ్ పెట్టినా కారణం ఉంటుంది. ఎపిసియోటమీ, అంటే బిడ్డ తల బయటికొచ్చేటప్పుడు యోని కింది అంచున పెట్టే కోత, దగ్గరికొచ్చేసరికి మాత్రం "ప్రైమీ, ఆర్‌ఎమ్‌ఎల్‌ఈ ఇచ్చాం" అన్న ముక్కతో సరిపోతుంది. ప్రైమీ అంటే తొలి కాన్పు తల్లి, ఆర్‌ఎమ్‌ఎల్‌ఈ అంటే కుడిపక్కకు వాలుగా వేసే ఈ కోత. బిడ్డ గుండె చప్పుడు పడిపోయిందా, తల ఎంతసేపు ఆగింది, కింది కండ సాగుతోందా లేదా, ఇవేవీ ఉండవు. తొలి కాన్పు కావడమే కారణమైపోయింది.

ఈ అలవాటు ఎంత దూరం పాకిందో చెప్పే అంకె ఒకటి ఉంది. 2016లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వచ్చిన అధ్యయనం దేశంలోని 18 పెద్దాసుపత్రుల్లో జరిగిన 1,20,243 సహజ కాన్పులను లెక్కలోకి తీసుకుంది. నూటికి 63.4 మందికి కోత పడింది. అంతకుముందు కన్నవాళ్లతో పోలిస్తే తొలి కాన్పు వాళ్లకు కోత పడే అవకాశం 8.8 రెట్లు ఎక్కువ. రెండో అంకె విన్నవాళ్లు చాలామంది "మొదటిసారి కదా, మామూలే" అంటారు. అందులో మామూలు ఎంత, అలవాటు ఎంత అని విడదీయాలి. విడదీసి చూస్తే తేలేది ఇది: తొలి కాన్పులో చీలిక ప్రమాదం ఎక్కువన్నది నిజమే, కానీ ఆ ప్రమాదానికి కోత మందు కాదు. పైగా తొలి కాన్పులో పెట్టిన కోత మలి కాన్పు లెక్కను కూడా పెంచుతుంది.

రెట్ల లెక్క

8.8 రెట్లు అంటే కోత దాదాపుగా తొలిచూలు వాళ్లకే పరిమితమన్నట్టు వినిపిస్తుంది. అలా కాదు. ఇలాంటి అధ్యయనాల్లో "ఇన్ని రెట్లు" అని చెప్పేది సాధారణంగా ఆడ్స్ మీద లెక్క. కోత పడినవాళ్ల సంఖ్యను పడనివాళ్ల సంఖ్యతో భాగించి, అలా వచ్చిన రెండు విలువలను పోలుస్తారు. ఊహకు రెండు అంకెలు వేసుకుందాం. తొలి కాన్పు వాళ్లలో నూటికి 85 మందికి పడింది, 15 మందికి పడలేదు. అంటే 5.7. మలి కాన్పు వాళ్లలో 39 మందికి పడింది, 61 మందికి పడలేదు. అంటే 0.64. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే తొమ్మిదికి కాస్త తక్కువ. రెండు గుంపులూ చెరిసగం ఉంటే మొత్తం సగటు 62. ఈ 85, 39 అధ్యయనంలోవి కావు, వివరించడానికి వేసినవి. కానీ వాటిని బట్టి ఒకటి అర్థమవుతుంది. ఇంత పెద్ద తేడా ఉన్నా, ఇదివరకే కన్న తల్లుల్లో సైతం పదిమందికి నలుగురు కోత పడి ఇంటికి వెళ్తూ ఉండవచ్చు.

ఫ్రాన్స్ జాతీయ ప్రసూతి సర్వే ఈ రెండు గుంపులనూ విడివిడిగా ప్రకటిస్తుంది. 2016లో అక్కడ తొలి కాన్పు వాళ్లలో సుమారు 35 శాతం, మలి కాన్పు వాళ్లలో సుమారు 10 శాతం, మొత్తం మీద 20. 2021 వచ్చేసరికి మొత్తం సగటు 8 చిల్లరకు దిగింది. అమెరికాలో 1979లో సహజ కాన్పుల్లో 61 శాతం దాకా కోత ఉండేది, 2004కు 25 శాతానికి తగ్గింది, 2012కు 12 శాతం అయింది. యూరప్‌లోనే 2010 లెక్కల్లో డెన్మార్క్‌ది అయిదు శాతం లోపు, సైప్రస్‌ది 75. ఆ దేశంలో ఆడవాళ్ల కండరం ఒకలా, ఈ దేశంలో మరోలా ఉండి ఇంత తేడా రాదు. ఒకే దేశంలో ముప్ఫై ఏళ్లలో అయిదో వంతుకు పడిపోవడాన్ని శరీర నిర్మాణంతో అసలే వివరించలేం. మారింది కత్తెర పట్టుకున్న చెయ్యి.

తొలి కాన్పులో నిజంగా తేడా ఉందా

ఉంది. దీన్ని తేలిగ్గా తీసేసే వాదన నాకు నచ్చదు. యోనికీ మలద్వారానికీ మధ్య ఉన్న చోటు, అంటే పెరీనియం, మొదటిసారి అంత వెడల్పుకు సాగడం కష్టమే. గర్భసంచి ముఖద్వారం పూర్తిగా తెరుచుకున్నాక బిడ్డ బయటికి రావడానికి పట్టే సమయం కూడా ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల ప్రకారం తొలి కాన్పులో ఈ దశ మూడు గంటల దాకా, మలి కాన్పులో రెండు గంటల దాకా పట్టవచ్చు. ఫోర్సెప్స్, వాక్యూమ్ అవసరం పడేది కూడా ఎక్కువగా తొలిచూలు వాళ్లకే. బ్రిటన్ ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ లెక్క చూడండి. మలద్వారం చుట్టూ ఉండే బిగింపు కండరం దాకా వెళ్లే తీవ్రమైన చీలిక తొలి కాన్పుల్లో 6.1 శాతం, మలి కాన్పుల్లో 1.7 శాతం.

ఆ తీవ్రమైన చీలికను ఆపడానికే కదా కోత అంటారు. 1920లో అమెరికన్ ప్రసూతి వైద్యుడు జోసెఫ్ డిలీ తొలి కాన్పు వాళ్లందరికీ ఫోర్సెప్స్, కోత కలిపి ముందుజాగ్రత్తగా చేయాలని ప్రతిపాదించాడు. ఈ వాదన అప్పటి నుంచీ పాఠ్యపుస్తకాల్లో తిరుగుతూనే ఉంది. చిరిగితే అడ్డదిడ్డంగా చిరుగుతుంది, కోస్తే తిన్నగా ఉంటుంది, కుట్టడం సులువు అని పీజీలు ఇప్పటికీ జూనియర్లకు చెబుతారు.

ఈ మాటలో దాగిన చిక్కు ఏమిటంటే, చీలికలకు గ్రేడులున్నాయి. చర్మం మాత్రమే చీలితే మొదటి గ్రేడు. కండరం కూడా చీలితే రెండోది. బిగింపు కండరం దాకా వెళ్తే మూడోది, లోపలి పొర కూడా తెగితే నాలుగోది. ఎపిసియోటమీలో కత్తెర చర్మాన్నీ, యోని గోడనూ, కండరాన్నీ కలిపి కోస్తుంది. కాబట్టి కోత పడిన ప్రతి తల్లికీ రెండో గ్రేడు గాయం ఖాయంగా ఉన్నట్టే. కోత లేకపోతే ఆమెకు అసలు ఏమీ చీలకపోవచ్చు, మొదటి గ్రేడుతో పోవచ్చు, రెండోది కావచ్చు, మూడోది కావచ్చు. నూటికి ఆరుగురికి వచ్చే ప్రమాదాన్ని తప్పించడానికి నూరుమందికీ రెండో గ్రేడు గాయం చేయడం అన్నమాట. దానివల్ల ఆ ఆరు నిజంగా తగ్గితే అప్పుడు బేరం ఆలోచించవచ్చు.

తగ్గలేదు. 1993లో వచ్చిన అర్జెంటీనా అధ్యయనంలో 2,606 మంది తల్లులు ఉన్నారు. అందరూ తొలి కాన్పు వాళ్లో, రెండో కాన్పు వాళ్లో. ఒక గుంపులో అలవాటుగా కోత పెట్టారు, 83 శాతానికి పడింది. రెండో గుంపులో అవసరమైతేనే పెట్టారు, 30 శాతానికి పడింది. తీవ్రమైన చీలికలు మొదటి గుంపులో 1.5 శాతం, రెండో గుంపులో 1.2 శాతం. కుట్టు విడిపోవడం, నొప్పి, మానకపోవడం రెండో గుంపులో తక్కువ. ముందువైపు, మూత్రద్వారం దగ్గర గీరుకుపోయే చిన్న గాయాలు మాత్రం రెండో గుంపులోనే ఎక్కువ. ఇది దాచాల్సిన సంగతి కాదు. అవి చాలావరకు పైపైవి, మూత్రం పోసేటప్పుడు కొన్నాళ్లు మండుతాయి. ఆ తర్వాత 2017లో వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ అధ్యయనాలన్నిటినీ కలిపి చూస్తే, అవసరమైతేనే కోసే పద్ధతిలో తీవ్ర గాయాలు 30 శాతం తక్కువని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లో పది శాతం దగ్గర ఉంచమంది. 2018లో అంకె తీసేసి, అలవాటుగా కోత పెట్టడం సిఫార్సు చేయం అని సూటిగా చెప్పింది.

0.2 శాతం చిక్కుముడి

ఈ వాదనకు మన దేశం నుంచే ఒక గట్టి ఎదురు ప్రశ్న వస్తుంది. పైన చెప్పిన 18 ఆసుపత్రుల అధ్యయనంలో మూడు, నాలుగు గ్రేడుల చీలికలు 0.2 శాతమే. బ్రిటన్‌లో తొలి, మలి కాన్పులు కలిపితే 2.9 శాతం. మేం కోస్తున్నాం కాబట్టే మా దగ్గర చీలడం లేదు, మన ఆడవాళ్ల పెరీనియం పొట్టిది, బ్రిటన్ లెక్కలు మనకు పనికిరావు అని సీనియర్ డాక్టర్లు అంటే కొట్టిపారేయలేం. బ్రిటన్, అమెరికా లెక్కల్లో ఆసియా మూలాలున్న స్త్రీలకు తీవ్ర చీలికల ముప్పు ఎక్కువగా కనిపిస్తోందన్న మాట కూడా నిజమే.

అయినా ఈ 0.2ను నమ్మే ముందు ఒక్క ప్రశ్న వేయాలి. ఆ చీలికను వెతికింది ఎవరు, ఎలా? బిగింపు కండరం తెగిందో లేదో తెలియాలంటే కుట్లు వేసే ముందు మంచి వెలుతురులో చూడాలి. చూపుడువేలు మలద్వారంలో, బొటనవేలు పైన ఉంచి, రెండింటి మధ్య కండరాన్ని వత్తుతూ చుట్టూ తడిమి చూడాలి. కుట్లయ్యాక మరోసారి వేలు పెట్టి, కుట్టు లోపలికి దిగలేదని నిర్ధారించుకోవాలి. రెండు నిమిషాల పని. పక్క టేబుల్ మీద మరో తల కనిపిస్తుంటే మొదట ఎగిరిపోయేది ఈ రెండు నిమిషాలే. 1993లో డాక్టర్ అబ్దుల్ సుల్తాన్ బృందం లండన్‌లో మలద్వారం లోంచి అల్ట్రాసౌండ్ చేసి చూస్తే, సహజ కాన్పైన తొలిచూలు తల్లుల్లో 35 శాతానికి ఆ కండరంలో లోపం కనిపించింది. కాన్పు గదిలో వాటిలో ఎక్కువ భాగాన్ని ఎవరూ పట్టుకోలేదు. అదే అధ్యయనంలో ఇంతకుముందు కన్నవాళ్లలో కాన్పుకు ముందే 40 శాతానికి లోపం ఉంది, కాన్పు తర్వాత 44 అయింది. నష్టంలో సింహభాగం మొదటి కాన్పులోనే జరిగిపోతుందన్నమాట.

అందుకే 0.2 శాతాన్ని కోత సాధించిన విజయంగా చదవడానికి మనసొప్పదు. గ్యాస్ ఆపుకోలేకపోతున్నాను, బట్టలు పాడవుతున్నాయి అని ఏ తల్లీ ఆరు నెలల తర్వాత ప్రసూతి ఓపీకి వచ్చి చెప్పదు. అత్తగారికీ చెప్పదు. లెక్కలోకి రాని గాయాన్ని జరగని గాయంగా చూపిస్తే ఆ అంకె ఎంత చిన్నదైనా దానికి బలం లేదు. పెరీనియం పొట్టిదన్న మాటకు కూడా ఇదే జవాబు. ముప్పు నిజంగా ఎక్కువైతే వేలితో చూసి తేల్చడం ఇంకా అవసరం, కోసే కోణం ఇంకా ముఖ్యం.

కోత ఎక్కడ తేడా కొడుతుంది

అవసరమైన కోతను ఎవరూ వద్దనరు. బిడ్డ గుండె కొట్టుకోవడం పడిపోయి, తల కిందే ఉండి, ఇంకో రెండు నొప్పుల్లో బయటికి తీయాలంటే కోత ప్రాణం నిలుపుతుంది. తొలి కాన్పులో ఫోర్సెప్స్ పెడితే పక్కకు వేసిన కోత బిగింపు కండరాన్ని కాపాడుతుంది. ఎదురుకాళ్ల కాన్పులోనూ, పాత తీవ్ర చీలిక సరిగా మానక గట్టిపడ్డ చోటా పెట్టవచ్చు. భుజాలు ఇరుక్కుంటే కోత వాటిని విడిపించదు, ఎందుకంటే అక్కడ అడ్డం ఎముక. డాక్టరు చెయ్యి లోపలికి వెళ్లడానికి చోటివ్వడానికే అప్పుడది.

కానీ పెట్టే కోత సరిగ్గా పడాలి. ముందు మత్తు. మన దగ్గర దొరికే లిగ్నోకెయిన్ వయల్ చాలాసార్లు 2 శాతంది. మత్తు మందు మోతాదు గరిష్ఠంగా కిలోకు 4 మిల్లీగ్రాములు. 50 కిలోల తల్లికి 200 మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే 2 శాతం మందైతే 10 ఎంఎల్‌తోనే హద్దు వచ్చేస్తుంది. దాన్ని సగానికి పలచన చేస్తే 20 ఎంఎల్ దాకా వాడుకోవచ్చు, కుట్లకు కూడా మిగులుతుంది. సూది గుచ్చి వెనక్కి లాగి రక్తం రావడం లేదని చూసుకోవాలి. ఎక్కించాక రెండు నిమిషాలు ఆగాలి, చిన్న పట్టకారుతో గిల్లి చూడాలి, నొప్పి తెలిస్తే ఇంకో రెండు నిమిషాలు ఆగాలి. మన దగ్గర జరిగేది ఏమిటంటే, నొప్పి పీక్‌లో ఉన్నప్పుడు మత్తు లేకుండానే కోసేసి, "ఆ నొప్పిలో తెలియదులే" అంటారు. కుట్లు వేసేటప్పుడు నొప్పులు ఉండవు. అప్పుడు బాగా తెలుస్తుంది.

తర్వాత సమయం. పెరీనియం పలచబడి, నొప్పి వచ్చినప్పుడు తల మూడు నాలుగు సెంటీమీటర్లు కనిపించేదాకా కోయకూడదు. ముందే కోస్తే మందంగా ఉన్న కండరం తెగి రక్తం కారుతూనే ఉంటుంది, తల వచ్చేసరికి అర లీటరు పోవడం కష్టం కాదు. రక్తం తక్కువున్న తల్లికి అది చాలు కళ్లు తిరగడానికి. తర్వాత కోణం. తల నిండుగా నెట్టినప్పుడు ఆ చర్మం సాగి ఉంటుంది. అప్పుడు మధ్యగీత నుంచి 60 డిగ్రీలు పక్కకు కోస్తే, బిడ్డ బయటికొచ్చి చర్మం మామూలుగా అయ్యాక అది 45 డిగ్రీల దగ్గర కనిపిస్తుంది. 45 అనుకుని కోస్తే కుట్టేవేళకు మధ్యగీతకు మరీ దగ్గరగా ఉంటుంది. ఐర్లండ్‌లో జరిగిన ఒక అధ్యయనంలో మధ్యగీత నుంచి ప్రతి ఆరు డిగ్రీల దూరానికీ మూడో గ్రేడు చీలిక ముప్పు సగానికి సగం తగ్గింది. కంటితో 60 డిగ్రీలు కొలవడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం. రాత్రి డ్యూటీలో హౌస్ సర్జన్‌కు ఇంకా కష్టం. అంచు కత్తిరించిన గుడ్డ అక్కడి నుంచే సర్రున చిరుగుతుందన్న పాత పోలిక ఇక్కడ అక్షరాలా నిజం. నిటారుగా పడిన కోత మలద్వారం వైపే సాగుతుంది.

కుట్లలో ఎక్కువగా జరిగే తప్పు కోత పైకొస దొరక్కపోవడం. ఆ కొసకు ఒక సెంటీమీటరు పైనుంచి మొదలుపెట్టాలి. అక్కడ వెనక్కి లాక్కున్న రక్తనాళం ఉండవచ్చు. వదిలేస్తే లోపల రక్తం గడ్డకడుతుంది. కుట్లు వేసిన గంట రెండు గంటలకు తల్లి "కిందకి బరువుగా, పగిలిపోతున్నట్టు ఉంది" అంటే మాత్రలిచ్చి పడుకోమనకుండా దుప్పటి తీసి చూడాల్సింది ఇందుకే. రెండో తప్పు లోపల ఖాళీ వదలడం. చర్మం అందంగా కలిసి, కింద కండరం విడిగా ఉంటే అయిదో రోజుకో పదో రోజుకో చీము పట్టి కుట్టు విచ్చుకుంటుంది. మూడోది మరీ బిగించడం. కొన్ని చోట్ల "మొగుడి కోసం ఇంకో కుట్టు" అని నవ్వుతూ అంటారు కూడా. ఆ కుట్టు ఏడాది తర్వాత ఆ దంపతుల మధ్య ఎలాంటి గొడవలకు దారితీస్తుందో అన్నవాళ్లకు తెలియదు. నాలుగోది లోపల పెట్టిన గాజుగుడ్డ మరిచిపోవడం. లెక్కపెట్టుకుంటే జరగదు.

దారం సంగతి కూడా చెప్పాలి. త్వరగా కరిగే పాలిగ్లాక్టిన్ దారంతో, మధ్యలో ముడులు వేసి బిగించకుండా ఒకే దారంతో వరసగా కుడితే నొప్పి తక్కువ. పాత రకం దారం క్రోమిక్ క్యాట్‌గట్ చవక, కానీ బిరుసు.

మలి కాన్పు మీద పడే నీడ

ఇదివరకే కన్న తల్లికి కోత ఎందుకు పడుతుంది? బిడ్డ గుండె తగ్గితే, పరికరం పెడితే పడవచ్చు. మిగతా సందర్భాల్లో పెరీనియం అప్పటికే ఒకసారి సాగి ఉంటుంది, తల వేగంగా వస్తుంది, చాలాసార్లు గ్లోవ్స్ వేసుకునేలోపే కాన్పైపోతుంది. అయినా పడే కోతల వెనక ఎక్కువగా వినిపించే కారణం "పోయినసారి కుట్లు పడ్డాయి" అన్నదే. మచ్చ ఉంటే మళ్లీ అక్కడే చిరుగుతుంది కాబట్టి ముందే కోద్దాం అని.

మచ్చ దగ్గర చీలడం నిజమే. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో 6,000 మందికి పైగా తల్లుల రెండో కాన్పులను పరిశీలించిన 2008 అధ్యయనంలో, మొదటిసారి కోత పడినవాళ్లలో 51 శాతానికి రెండో కాన్పులో రెండో గ్రేడు చీలిక వచ్చింది. మొదటిసారి కోత పడనివాళ్లలో 27 శాతానికే. దీన్ని మళ్లీ కోయడానికి సాక్ష్యంగా చూపించేవాళ్లు ఉన్నారు. నాకు తోచేది వేరు. మొదటి కోత పెట్టినప్పుడే రెండో కాన్పు గాయాన్ని కూడా సగం నిర్ణయించేశాం. మలి కాన్పు తల్లుల కోతలు తగ్గించాలంటే పని మొదలుపెట్టాల్సింది తొలి కాన్పులోనే. మామూలు కుట్లు మాని ఉంటే, గ్యాస్, మలం ఆపుకోవడంలో ఇబ్బంది లేకపోతే, పాత మచ్చ ఒక్కటే కారణంగా కోత అడగాల్సిన పని లేదు. పోయినసారి మూడో, నాలుగో గ్రేడు చీలిక వచ్చిన తల్లి సంగతి వేరు, ఆమె కాన్పు పద్ధతి గురించి ముందే స్పెషలిస్టుతో కూర్చుని మాట్లాడుకోవాలి.

ఆపరేషన్ల మధ్య ఈ గొడవ

తెలంగాణలో ఇదంతా మాట్లాడుతుంటే కొందరు నవ్వుతారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత (2019–21) ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, ప్రైవేటులో అయితే 81.5. ఆంధ్రప్రదేశ్‌లో 42.4, ప్రైవేటులో 63. కడుపు కోతే ఇంత ఉంటే కింద రెండంగుళాల కోత గురించి ఎందుకు అని.

రెండూ విడివిడి సమస్యలు కావు. నార్మల్ అంటే కోత, కుట్లు, నెల రోజులు కూర్చోలేకపోవడం అని అక్కల దగ్గర విన్న అమ్మాయి, ముహూర్తం చూసుకుని ఆపరేషన్‌కు ఒప్పుకుంటే ఆశ్చర్యం లేదు. ఇంకో సాంకేతికమైన చిక్కు కూడా ఉంది. ఒక ఆసుపత్రిలో తొలి కాన్పుల్లో ఎక్కువ భాగం సిజేరియన్‌కు వెళ్లిపోతే, సహజంగా కనేవాళ్లలో మలి కాన్పు వాళ్ల వాటా పెరుగుతుంది. దాంతో ఆ ఆసుపత్రి సగటు కోత శాతం తక్కువగా, ముచ్చటగా కనిపిస్తుంది. పక్కనున్న ప్రభుత్వ ఆసుపత్రి తొలి కాన్పులను ఓపిగ్గా సహజంగా చేయిస్తుంటే దాని సగటు పెరుగుతుంది. ఒకే అంకె పట్టుకుని రెండింటినీ పోలిస్తే అన్యాయం రెండో ఆసుపత్రికే. తొలి, మలి అంకెలు వేరువేరుగా కావాలనడానికి ఇది అన్నిటికంటే బలమైన కారణం.

రద్దీ గురించిన అభ్యంతరం నిజాయితీగలది. ఒక స్టాఫ్ నర్సు నాలుగు టేబుళ్లు చూసుకుంటుంటే, తలను మెల్లగా రానిచ్చేంత తీరిక ఎక్కడిది అని అడుగుతారు. కోత కాన్పును అయిదు, పది నిమిషాలు ముందుకు తెస్తుంది, ఒప్పుకోవాలి. కానీ కుట్లకు పట్టే ఇరవై, ముప్ఫై నిమిషాలు, ఆ తర్వాత కుట్టు చీము పట్టి తిరిగొచ్చినవాళ్ల డ్రెస్సింగులు కలిపితే మిగిలిన సమయమెంత? అసలు లోటు చేతులదే. తెలంగాణ ప్రభుత్వం 2017లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్‌తో కలిసి కరీంనగర్‌లో స్టాఫ్ నర్సులకు మిడ్‌వైఫరీ, అంటే సహజ కాన్పు చేయించే మంత్రసాని పని, శిక్షణ మొదలుపెట్టింది. ప్రసవమంతా పక్కన ఉండే మనిషి దొరికితే కత్తెర పని ఎలా తగ్గుతుందో తేల్చుకోవడానికి ఆ దారి ఉంది.

తల మెల్లగా రావాలంటే

తొలి కాన్పు తల్లికి చేయగలిగిన పనులు కొన్ని ఇంట్లోనే మొదలవుతాయి. 34, 35 వారాల నుంచి పెరీనియం మసాజ్. గోళ్లు కత్తిరించుకుని, చేతులు కడుక్కుని, కొబ్బరి నూనె రాసుకుని, బొటనవేళ్లు యోనిలోకి మూడు నాలుగు సెంటీమీటర్లు పెట్టి, కిందికీ పక్కలకూ మంట తెలిసేదాకా నొక్కి నిమిషం పట్టుకోవాలి. పై భాగంలో, మూత్రద్వారం వైపు నొక్కకూడదు. అయిదు నిమిషాలు, వారానికి ఒకటి రెండుసార్లు చాలు. రోజూ చేస్తే లాభం పెరుగుతుందని తేలలేదు. ఉమ్మనీరు పోతున్నా, ఇన్ఫెక్షన్ ఉన్నా, మాయ కిందికి ఉందన్నా చేయకూడదు. దీనివల్ల తొలిసారి కనేవాళ్లలో కోత ఆరో వంతు తగ్గింది. అద్భుతమేమీ కాదు, కానీ ఖర్చు నూనె చుక్కంతే. ఇదివరకు సహజంగా కన్నవాళ్లకు గాయాలు తగ్గిన దాఖలా లేదు.

మిగతాది లేబర్ రూమ్ వాళ్ల చేతిలో ఉంది. తల పెరీనియాన్ని నెట్టడం మొదలయ్యాక గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన గుడ్డ అక్కడ పెట్టి ఉంచడం తీవ్ర చీలికలను తగ్గిస్తుంది. నొప్పి తెలియకుండా వెన్నులో ఇచ్చే ఎపిడ్యూరల్ మత్తు తీసుకున్న తల్లికి వేడి తెలియదు కాబట్టి ముందు మన మణికట్టు మీద చూసుకోవాలి. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు పైకి కట్టేకంటే పక్కకు తిప్పి పడుకోబెడితే కండరం మీద ఒత్తిడి తక్కువ. తల పూర్తిగా కనిపించే క్షణంలో "ముక్కు, ముక్కు" అని అరవడం ఆపి, నోటితో చిన్న చిన్నగా ఊదమనాలి. ఒక చెయ్యి తల మీద, ఒక చెయ్యి పెరీనియం మీద. పొట్ట మీద మోచేత్తో నొక్కడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. తలను ఒక్కసారిగా బయటికి తోసి, చీలికకు మనమే కారణమయ్యే పని అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వద్దంది.

కుట్లు పడ్డవాళ్లకు ఒక్క మాట. మన ఇళ్లలో బాలింతకు నీళ్లు తగ్గించి, కారప్పొడి అన్నమే పెడతారు. మలం గట్టిపడి, ముక్కాల్సి వచ్చి కుట్లు లాగుతాయి. నీళ్లూ, పళ్లూ, ఆకుకూరలూ పెట్టండి, పథ్యం గురించి అత్తగారితో గొడవ నేను చూసుకుంటానని భర్త అంటే ఇంకా మంచిది. మొదటి రోజు గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాల చొప్పున, తర్వాత గోరువెచ్చని నీళ్ల టబ్బులో కూర్చోవడం. కడుక్కోవడం ముందు నుంచి వెనక్కి. చీము, జ్వరం, దుర్వాసన, గ్యాస్ ఆగకపోవడం, వీటిలో ఏది ఉన్నా ఆరో వారం చెకప్ దాకా ఆగొద్దు.

ఇక రిజిస్టర్ సంగతి. కుటుంబ ఆరోగ్య సర్వే సిజేరియన్ గురించి అడుగుతుంది, కోత గురించి అడగదు. ఆసుపత్రులు మాత్రం సిజేరియన్ ఆడిట్ కోసం, తల్లులను పది గ్రూపులుగా విడదీసే రాబ్సన్ వర్గీకరణను వాడుతూనే ఉన్నాయి. అందులో తొలి కాన్పు వాళ్లు ఒకటి, రెండు గ్రూపుల్లో, మలి కాన్పు వాళ్లు మూడు, నాలుగు గ్రూపుల్లో, పాత సిజేరియన్ ఉన్నవాళ్లు అయిదులో వేరుగా పడతారు. అదే పట్టికలో ప్రతి గ్రూపు పక్కనా మూడు గడులు చేర్చితే చాలు: కోత పడిందా, ఎందుకు, కుట్లకు ముందు వేలితో పరీక్ష చేశారా. రెండో గడిలో "ప్రైమీ" అని రాస్తే ఆ గడిని ఖాళీగా లెక్కించాలి.